మామగారిని చూస్తే కూసే పెట్టె

ఆదివారం పొద్దున మామగారు సోఫాలో పేపరు చదువుతూ చదువుతూ కునుకులోకి జారారో లేదో, తల పక్కన అరలో పెట్టిన చిన్న పెట్టె కీచుమని కూసింది. ఆయన ఉలిక్కిపడి లేచారు. కళ్లజోడు ఒక చెవికి వేలాడింది. పేపరు పేజీలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. వంటింట్లోంచి కోడలు చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

“ఏమైంది మావయ్యా?”

“నాకేం తెలుసమ్మా! దాన్ని నేను ముట్టుకోను కూడా లేదు. దాని మానాన అది కూర్చుంది, నా మానాన నేను కూర్చున్నాను.”

పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతోంది. చూడగానే కోడలికి గుండెల్లో రాయి పడ్డట్టయింది. ఈ ఇంట్లో ఆ దీపం వెలగకూడదు. వెలగదని తేల్చుకోవడానికే ఆమె ఆ పెట్టెను ఇంటికి తెచ్చింది.

పెట్టె ఆమె చేతి పనే. కాలేజీ లాబ్‌లో ఆమెది సెన్సర్లు తయారుచేసే ఉద్యోగం. హైడ్రోజన్ ఎక్కడైనా లీకవుతుంటే పసిగట్టి కూయడం ఆ పెట్టె చేయాల్సిన పని. హైడ్రోజన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. పక్కనే నిలబడినా మనిషికి తెలియదు. గాలిలో తగినంత కలిసిందంటే మాత్రం ఒక్క నిప్పురవ్వ చాలు. ఊళ్లో బస్సు డిపోకి ఈమధ్యే హైడ్రోజన్‌తో నడిచే బస్సులు వచ్చాయి. వాటి కోసం షెడ్డులో బిగించిన సెన్సర్లు పెయింటు వాసనకి కూసేవి, బస్సులు కడిగితే లేచే ఆవిరికి కూసేవి, సెంటు పూసుకున్నవాళ్లు ఎవరైనా పక్కనుంచి వెళ్లినా కూసేవి. విని విని విసుగెత్తిన మెకానిక్కులు ఒకరోజు వాటి వైర్లు పీకి పారేశారు. డిపో ఇంజనీరుగారు లబోదిబోమంటూ కాలేజీకి వచ్చి, లాబ్ నడిపే మేడం ముందు కూర్చున్నారు.

“కూయాల్సినప్పుడు కూసి, మిగతా టైమంతా నోరు మూసుకుని ఉండేది ఒకటి చేసిపెట్టండి మేడం. మీ పేరు చెప్పుకుని బతుకుతాం.”

మేడం ఆ పనిని కోడలి చేతిలో పెట్టారు.

కోడలు పట్టుకున్న దారి గ్రాఫీన్. పెన్సిలు ములుకులో ఉండే కార్బనే అది, కాకపోతే ఒకే ఒక్క పరమాణువు మందాన పరుచుకున్న పొర. అంత పల్చటి దాని మీద ఏది వాలినా అందులో పారే కరెంటు తడబడుతుంది. అయితే హైడ్రోజన్ దాని మీద ఊరికే వాలదు. అందుకని పల్లాడియం అనే లోహాన్ని కంటికి కనిపించనంత సన్నటి చుక్కలుగా ఆ పొర మీద చల్లాలి. పల్లాడియానికి హైడ్రోజన్ అంటే ప్రాణం. స్పాంజి నీళ్లను పీల్చుకున్నట్టు పీల్చుకుంటుంది. ఇంతవరకూ చాలామంది చేసేదే. కోడలు తన సొంత బుర్రతో చేసింది ఆ పైన వేసిన ప్లాస్టిక్ పూత. హైడ్రోజన్ మహా సన్నటి వాయువు కాబట్టి ఆ పూతలోంచి దూరి లోపలికి పోతుంది. ఆవిరి, పొగ, సెంటు మాత్రం గుమ్మం బయటే నిలబడిపోతాయి. పూత మందమైతే హైడ్రోజన్ కూడా రాదు, మరీ పల్చబడితే అడ్డమైనవన్నీ వచ్చేస్తాయి. పూసి, కడిగి, మళ్లీ పూసి, విసిగి, ఏడ్చి, చివరికి అది కుదిరిన రోజున ఆమె లాబ్‌లో తనకు తానే చప్పట్లు కొట్టుకుంది.

మేడం మాత్రం వెంటనే పొంగిపోలేదు.

“లాబ్‌లో గాలి కూడా మనం చెప్పినట్టు వింటుందమ్మాయ్. ఇంట్లో ఎవరు వింటారు? తీసుకెళ్లి మీ ముందుగదిలో పెట్టు. వంట, స్నానాలు, గొడవలు అన్నీ జరిగేచోట కిక్కురుమనకుండా ఉంటే, డిపోలోనూ ఉంటుంది.”

అలా శనివారం మధ్యాహ్నం పెట్టె ఇంటికొచ్చింది. అది ఎంత కొద్దిపాటి హైడ్రోజన్‌నైనా పట్టేలా కోడలు దాని మరను ఆఖరుదాకా తిప్పి పెట్టింది. ఇంట్లో హైడ్రోజన్ ఎక్కడిది? ఎంత చెవులు రిక్కించినా దానికి వినడానికి ఏమీ ఉండదని ఆమె ధీమా.

పరీక్షలంటే అందరికంటే ముందు హుషారుపడింది అత్తగారు. పెట్టె కింద స్టూలు వేసి ఉల్లిపాయలు మాడ్చిన మూకుడు తెచ్చి పెట్టారు. కుక్కరు ఆవిరిని దాని మొహం మీదికి వదిలారు. తలనూనె పూశారు, ఫినాయిలు చల్లారు. కోడలి భర్త బోర్డులు రాసే పెయింటరు. అతను వెనకగదిలోంచి థిన్నరు డబ్బా తెచ్చి మూత తీసి పెట్టెకి వాసన చూపించాడు. ఇంట్లో అందరికీ కళ్లు మండాయి గానీ పెట్టె మాత్రం గమ్మున కూర్చుంది.

“మీ మావయ్య కంటే దీనికే ఓపిక ఎక్కువ,” అన్నారు అత్తగారు మెచ్చుకోలుగా.

అలాంటి పెట్టె ఆదివారం పొద్దున మామగారిని చూసి కూసింది.

ఏదో ఒకసారి జరిగిందిలే అని సర్దుకోవడానికి కూడా వీల్లేకపోయింది. మధ్యాహ్నం ఆయన ఫ్యాను కింద కాళ్లు చాపుకుంటే కూసింది. మర్నాడు టీవీ రిమోటు వెతుక్కుంటూ అర దగ్గరికి వెళ్తే కూసింది. ఆయన ఉడుక్కుని, పెట్టె ముందు వంగి, దాని కళ్లల్లోకి చూస్తున్నట్టు చూసి, “ఏరా, నాతో నీకేంటి గొడవ?” అని నిలదీశారు. పెట్టె సూటిగా ఆయన మొహం మీదే కీచుమంది.

అత్తగారు సోఫా చేయి పట్టుకుని నవ్వారు. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వారు.

“పెళ్లయిన దగ్గర్నుంచీ నేను ముక్కు మూసుకుని ఎవరికీ చెప్పకుండా దాచిన సంగతి, అది రెండు రోజుల్లో అందరికీ చాటింపు వేసేసింది!”

“నోర్ముయ్యవే. అమ్మాయి ఉంది,” అన్నారు మామగారు. చెవులు కందగడ్డలా ఎర్రబడ్డాయి.

కోడలు నవ్వాపుకోవడానికి గోడవైపు తిరిగింది గానీ లోపల నవ్వు లేదు. అత్తగారి వేళాకోళంలో విషయం ఉండొచ్చేమో అని ఆమెకూ తోచకపోలేదు. కానీ కడుపున్న ప్రతివాళ్లకీ అంతో ఇంతో ఉండేదేగా అది! భర్త అదే సోఫాలో నిద్రపోతాడు, అత్తగారు అక్కడే కూర్చుని కూరగాయలు తరుగుతారు. వాళ్లని చూసి కూయదు. పైగా మామగారు ఊరికే వంగి నోరు తెరిచి మాట్లాడినా కూసింది. మనిషి ఊపిరిలో ఉండే తేమకి పూత ఎక్కడో ఓడిపోతోందా? అదే నిజమైతే పనంతా మొదటికొచ్చినట్టే. డిపోలో మనుషులు ఊపిరి తీసుకోకుండా ఉంటారా?

పెట్టెను లాబ్‌కి తీసుకెళ్లి తడిగాలి ఊదింది, వేడిగాలి ఊదింది, తను ఊపిరి బిగబట్టి దాని మీద వదిలింది. చలించలేదు. లాబ్‌లో బంగారం, ఇంటికొస్తే మామగారి మీద పగ. మేడంకి ఏమని చెప్పాలి?

ఈ గొడవలో అసలు నలిగిపోయింది మామగారు. ఆయన ఆ డిపోలోనే బస్సు డ్రైవరుగా పనిచేసిన మనిషి. కోడలు తమ డిపో కోసం ఏదో కనిపెడుతోందని మెట్ల మీద కలిసిన ప్రతివాడికీ చెప్పుకుని మురిసిపోయినవారు. ఇప్పుడు తన మూలంగానే అది చెడిపోయిందని బెంగపట్టుకుంది. ముందుగదిలోకి రావడం మానేశారు. పేపరు పట్టుకెళ్లి బయట మెట్ల మీద కూర్చుంటున్నారు. ఎవరైనా ఎక్కాలన్నా దిగాలన్నా ఆయన కాళ్లు ముడుచుకోవాలి.

“లోపలికి రండి మావయ్యా. నేను దాన్ని తీసేస్తాను,” అంది కోడలు.

“వద్దు తల్లీ. నీ పని పాడవ్వకూడదు. నాకిక్కడ గాలి బాగా వస్తోంది,” అన్నారాయన. అక్కడ గాలి లేదు, పక్కింటివాళ్ల చెప్పుల స్టాండు ఉంది.

ఆ సాయంత్రం అత్తగారు గిన్నెలు తుడుస్తూ గొంతు తగ్గించి చెప్పారు.

“ఆయన కడుపు ఎప్పుడూ అంతేనమ్మా. తిన్నదల్లా ఉబ్బరం, గుడగుడ. మందులు మింగీ మింగీ విసిగిపోయారు. బస్సు మధ్యలో ఆపి దిగాల్సొచ్చేది. ప్యాసింజర్లు నవ్వేవాళ్లు. అందుకే ఉద్యోగం ముందే మానేశారు. అందరికీ మోకాళ్ల నొప్పులని చెప్పారు. నువ్వూ అలాగే అనుకో.”

తుడిచిన గిన్నె అందుకోబోతూ కోడలు ఆగింది. ఆయన ఎప్పుడూ రెండు ముద్దలు తిని చేయి కడుక్కునేవారు. కారం ముట్టరు, పప్పు ముట్టరు. ఏ చుట్టాలింటికీ రారు. ఆమె ఇన్నాళ్లూ అది పెద్దరికం అనుకుంది.

“మరి ఏం తిని బతుకుతున్నారు అత్తయ్యా?”

“పాలు. ఆయన ప్రాణాన్ని నిలబెడుతోంది అవేగా! కడుపు మండితే పాలు, ఉబ్బితే పాలు, ఏమీ లేకపోయినా పాలు. పొద్దున పెద్ద గ్లాసు, సాయంత్రం పెద్ద గ్లాసు.”

ఆ మాట కోడలి చెవిన పడింది గానీ అప్పటికి అలా పక్కకి వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం అత్తగారు స్టవ్ మీద పాలు పెట్టి, ఫోనులో చెల్లెలితో మాటల్లో పడ్డారు. మాటలు అయ్యేసరికి పాలు మొత్తం పొంగిపోయి, గిన్నె అడుగు నల్లగా మాడి కూర్చుంది. తెల్లారాక కొత్తగా తెచ్చిన పాలు కాచబోతే విరిగిపోయాయి. మామగారికి వరసగా రెండు పూటలు పాలు లేవు. ఆయన ఖాళీ గ్లాసును టేబులు మీద పెట్టిన చప్పుడు ఇల్లంతా వినిపించింది.

మధ్యాహ్నం ఆయన కళ్లజోడు కనిపించక వెతుక్కుంటూ, మరిచిపోయి ముందుగదిలోకి వచ్చేశారు. సోఫా కింద చూశారు, దిండ్ల వెనక చూశారు. అర మీద తడిమారు. చేయి పెట్టెకి తగిలాక గానీ ఎక్కడున్నారో గుర్తురాలేదు. ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

ఏమీ కాలేదు.

ఊపిరి వదిలారు. ఏమీ కాలేదు. వంగి దాని మొహం మీదికి ఊదారు. చడీ చప్పుడూ లేదు.

“అమ్మాయ్! అమ్మాయ్! కూయట్లేదు!”

ఆ కేకకి ఇంట్లో అందరూ వచ్చారు. మామగారు పెట్టె ముందు అటూ ఇటూ పచార్లు చేస్తున్నారు. వెళ్తూ ఒకసారి ఊదుతున్నారు, వస్తూ ఒకసారి ఊదుతున్నారు. మొహం చేటంత అయింది.

“రాజీ కుదిరిందర్రా మా ఇద్దరికీ!”

కోడలికి మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. పెట్టె పాడైపోయిందనుకుంది. పరీక్ష కోసం లాబ్ నుంచి తెచ్చుకున్న చిన్న సీసా తీసి, కొంచెం హైడ్రోజన్ దాని మీదికి వదిలింది. పెట్టె తక్షణం కీచుమంది. గాలి ఆడగానే, లోపలున్న సన్నటి తీగ వెచ్చబడి పీల్చుకున్నదాన్ని వదిలించింది, దీపం ఆరిపోయింది. అంతా సవ్యంగానే ఉంది. మామగారు మళ్లీ ఊదారు. మౌనం.

పెట్టె మారలేదు. అయితే మారింది మామగారేనా?

“పాపం, నిన్నటి నుంచి పాల చుక్క లేదు. మొహం ఎలా పీక్కుపోయిందో చూడు,” అన్నారు అత్తగారు.

“మొహం సంగతేమో గానీ, కడుపు మాత్రం ఇవాళ హాయిగా ఉందే. దూదిలా ఉంది,” అన్నారు మామగారు పొట్ట నిమురుకుంటూ.

కోడలు సీసా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పాలు. ఊపిరి. హైడ్రోజన్. ఎప్పుడో ఒక వ్యాసంలో కంటపడిన సంగతి ఇప్పుడు పైకి తేలింది. కొందరి కడుపుకి పాలల్లో ఉండే చక్కెర అరగదు. అరగనిది పేగుల్లోకి జారితే అక్కడుండే సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. అప్పుడు పుట్టేది హైడ్రోజన్. అది రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల్లోకి చేరి, ఊపిరితో బయటికొస్తుంది. పెద్దాసుపత్రుల్లో ఊపిరిలో హైడ్రోజన్ కొలిచే చెప్తారు ఆ జబ్బేమిటో.

అంటే పెట్టె ఒక్కసారి కూడా అబద్ధం ఆడలేదు!

ఆమె వెంటనే బాల్కనీలోకి వెళ్లి మేడంకి ఫోను చేసింది. మేడం చివరిదాకా విన్నారు. తర్వాత ఫోనులోంచి వచ్చిన నవ్వుకి కోడలు చెవి దూరంగా జరుపుకోవాల్సొచ్చింది.

“అమ్మాయ్, మన పెట్టె మీ మావగారి కడుపులో లీకేజీ పట్టుకుంది! తొందరపడి అందరికీ చెప్పేయకు. పాలు తాగకముందు చూడు, తాగాక చూడు. పాలు అరిగేవాళ్లనీ పక్కన పెట్టి చూడు. అప్పుడు నమ్మొచ్చు.”

నమ్మడం తేలికే. మామగారికి చెప్పేదెవరు? కోడలు మామగారి దగ్గరికెళ్లి, మీ కడుపులో గాలి గురించి మాట్లాడాలి అని ఎలా మొదలుపెడుతుంది? భర్తని అడిగితే, “అమ్మో, నాకు బోర్డు ఆరబెట్టే పనుంది,” అని వెనకగదిలోకి జారుకున్నాడు. అత్తగారిని అడిగితే, “నేను చెప్తే నామీద కోపంతో రెండు గ్లాసులు ఎక్కువ తాగుతారు. సైంటిస్టువి నువ్వు, నువ్వే చెప్పు,” అన్నారు.

కోడలు వెళ్లి సోఫాలో ఆయన పక్కన కూర్చుంది.

“మావయ్యా, బస్సులో డీజిల్ సరిగ్గా కాలకపోతే ఏమవుతుంది?”

“నల్లపొగ కక్కుతుంది. ఏం?”

“పొగని చూసి మీరేం చేసేవాళ్లు?”

“పొగనేం చేస్తాం తల్లీ! పొగ చెప్పేది వినాలి. లోపల ఇంజను తనకి పోసినదాన్ని కాల్చుకోలేకపోతోందని అర్థం.” అని ఆగారు. ఆయన కోడలి వంక చూశారు, పెట్టె వంక చూశారు, చివరికి తన పొట్ట వంక చూసుకున్నారు. “ఓహో. అంటే ఇప్పుడు బస్సుని నేనా?”

కోడలు తల దించుకుని తలూపింది.

“పొగ సరే. పోసినదేంటి మరి? నేను తినేదే పిడికెడు. ఏది కాలట్లేదంటావ్?”

“పాలేమోనని నా అనుమానం మావయ్యా.”

ఆయన ఆమెను కన్నార్పకుండా చూశారు. ఎంతో నమ్మకస్తుడైన స్నేహితుడి మీద ఎవరో దొంగతనం మోపితే ఎలా చూస్తారో అలా చూశారు.

“పాలు ఏం చేస్తాయమ్మా? పసిపిల్లలు తాగేవి.”

“పసిపిల్లలకి అరిగించుకునే రసం ఉంటుంది. పెద్దయ్యాక కొందరికి తగ్గిపోతుంది. తప్పు మీదీ కాదు, పాలదీ కాదు. ఊరికే పరీక్ష చేద్దాం. కాదని తేలితే మీ గ్లాసు మీకు నేనే తెచ్చిస్తాను.”

పరీక్షన్నది ఆయనకి నచ్చింది. మర్నాడు పొద్దున ముందుగది పరీక్ష హాలైపోయింది. మామగారు ఖాళీ కడుపుతో గొట్టంలోంచి ఒక ప్లాస్టిక్ సంచిలోకి ఊదారు. కోడలు ఆ సంచి మూతిని పెట్టె దగ్గర కొద్దిగా తెరిచింది. చప్పుడు లేదు. తర్వాత ఆయన పెద్ద గ్లాసు పాలు తాగారు. “నేనూ తాగుతా, నన్నూ చూడండి,” అని అత్తగారూ ఒక గ్లాసు తాగి పక్కన కూర్చున్నారు. ఇక ఎదురుచూడటమే పని. పేకముక్కలు తీశారు. బోర్డు ఆరబెట్టుకుంటానన్న కొడుకు కూడా వచ్చి ముక్కలు వేయించుకున్నాడు. అత్తగారు పక్కవాళ్ల ముక్కల్లోకి తొంగిచూసి వరసగా గెలిచారు. ఆటల మధ్య మామగారి పొట్ట గుడగుడలాడటం మొదలైంది. ఎవరూ విననట్టు ముక్కల్లోకి చూసుకున్నారు.

“ఇంజను స్టార్టయింది. పట్టండి సంచి,” అన్నారాయనే.

ముందు అత్తగారు ఊదారు. పెట్టె పలకలేదు. ఆవిడ గెలిచినట్టు చేతులు పైకెత్తారు. తర్వాత మామగారు ఊదారు. సంచి మూతి ఇంకా సరిగ్గా తెరవనే లేదు, పెట్టె కీచుమంటూ ఎత్తుకుంది. దీపం ఎర్రగా వెలిగి, ఎంతకీ ఆరలేదు.

మామగారు పేకముక్కలు కింద పెట్టి, పొట్ట మీద చేయి వేసుకుని కూర్చున్నారు.

“మందని పోశానే. పూట పూటకీ మందని పోశానే!” అన్నారు. గొంతు వణికింది. అందరూ కంగారుపడ్డారు. చూస్తే ఆయన నవ్వుతున్నారు. మొదట లోలోపల, తర్వాత బయటికి, ఆ తర్వాత వంగిపోయి. అత్తగారు ఆయన వీపు మీద తడుతూ తనూ నవ్వారు. కొడుకు నవ్వాడు. కోడలికి నవ్వుతో పాటు కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి.

డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన అంతా విని పెద్దాసుపత్రికి రాసిచ్చారు. అక్కడి మిషను కూడా అదే మాట చెప్పింది. “ఇది భయపడే జబ్బు కాదు, చాలామందికి ఉంటుంది. పాలు మానేయండి. పెరుగు కొంచెం కొంచెంగా చూసుకోండి. మిగతావన్నీ మెల్లగా మొదలుపెట్టండి,” అన్నారు డాక్టరు. తర్వాత కోడలి వైపు తిరిగి, ఆ పెట్టె సంగతి మొదటినుంచీ మళ్లీ చెప్పించుకున్నారు.

పాలు మానేసిన కొత్తల్లో మామగారు సాయంత్రమయ్యేసరికి వంటింటి గుమ్మం దగ్గర ఊరికే నిలబడేవారు. అత్తగారు ఆ పెద్ద గ్లాసు తీసి పైఅరలో దాచేశారు. మెల్లగా రోజులు మారాయి. ఒకరోజు పప్పు తిన్నారు. ఒకరోజు కారం వేయించుకున్నారు, చెమటలు కారుతుంటే ఇంకొంచెం వేయించుకున్నారు. అన్నం గిన్నె ఖాళీ అవుతోందని అత్తగారు సణుగుతూనే పెద్ద గిన్నె దించారు. చొక్కా గుండీలు బిగుతైపోయాయి. పొద్దున్నే వీధి చివరిదాకా నడిచి వచ్చి, పక్కింటివాళ్ల చెప్పుల స్టాండు సర్ది, ఈలవేసుకుంటూ లోపలికి వచ్చేవారు. ఆ ఈల విని కోడలు ఉదయాన్నే నిద్రలేచేది.

లాబ్‌లో మిగిలిన పని తేలిగ్గా తెమిలిపోయింది. పెట్టెకి అంత సన్నటి చెవి డిపోలో అక్కర్లేదు. ప్రమాదం అనుకునే మోతాదుకి మనిషి ఊపిరి ఏ మూలకీ రాదు. కోడలు మరను వెనక్కి తిప్పి, ప్రమాదానికి చాలా ముందే హెచ్చరించేచోట, ఊపిర్లకి పలకనిచోట నిలిపింది. సన్నచెవి పెట్టెలు ఆసుపత్రుల కోసం విడిగా చేద్దామని మేడం అప్పుడే ఆలోచనలో పడ్డారు.

డిపోలో పరీక్ష రోజున మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెంట బయల్దేరారు. షెడ్డు పైకప్పు కింద, హైడ్రోజన్ పైకి తేలి చేరే చోట్ల, కోడలి పెట్టెలు బిగించారు. ఇంజనీరుగారు ఏ అవకాశాన్నీ వదల్లేదు. బస్సు కడిగే గొట్టంతో ఆవిరి లేపించారు. పెయింటు డబ్బాలు తెరిపించారు. జేబులోంచి సెంటు సీసా తీసి గాల్లోకి కొట్టారు. పెట్టెలు పట్టించుకోలేదు. ఆ తర్వాత ఆయన ఎవరికీ చెప్పకుండా ఒక బస్సు వెనక దాచిన చిన్న సిలిండరు మర తిప్పారు. మెకానిక్కులు ఏదో జోకు చెప్పుకుంటున్నారు. జోకు సగంలో ఉండగానే ఆ బస్సు పైనున్న పెట్టె షెడ్డు అదిరేలా కూసింది. మిగతావి నోరు మెదపలేదు. ఏ బస్సు దగ్గర లీకో వేలు పెట్టి చూపించినట్టయింది.

మెకానిక్కులు చప్పట్లు కొట్టారు. ఇంజనీరుగారు సిలిండరు కట్టేసి, పైకి చూసి, “దీని వైరు ఎవడైనా పీకితే వాడి చేయి పీకేస్తా,” అన్నారు. మేడం అందరి ముందూ కోడలిని దగ్గరకు తీసుకుని భుజం తట్టారు.

అంతలో మామగారి పాత జోడీ కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

“గురువుగారూ! ఎన్నాళ్లకి కనిపించారు! మోకాళ్లెలా ఉన్నాయి?”

అత్తగారు గబగబా ఏదో చెప్పబోయారు. మామగారు చేయెత్తి ఆపారు.

“మోకాళ్లకేంరా, అవి ఎప్పుడూ ఇనప కడ్డీలే. అసలు గొడవంతా కడుపుది. విను చెప్తా.” అని పాలతో మొదలుపెట్టి, పొంగిపోయిన గిన్నె, పేకాట, సంచి, అన్నీ అభినయంతో సహా చెప్పుకొచ్చారు. మెకానిక్కులు చుట్టూ మూగారు. పెట్టె కూసిన ప్రతిచోటా ఆయనే కీచుమని కూసి చూపించారు. కోడలు సిగ్గుతో మేడం వెనక దాక్కుంది. ఇంజనీరుగారు ఇక నవ్వలేక, కళ్లు ఒత్తుకుంటూ గోడకి ఆనుకున్నారు.

కథ అయ్యాక కండక్టరు అడిగాడు. “అయితే ఇప్పుడు సముద్రం రూటు కూడా ఎక్కేస్తారా?”

అది డిపోలో అన్నిటికన్నా దూరం రూటు. మామగారు దాని మీద చాలాకాలం నడిపారు. అత్తగారి వంక చూసి, “ఎక్కేద్దాం,” అన్నారు.

తర్వాతి సెలవురోజు నలుగురూ కొత్త హైడ్రోజన్ బస్సులో బయల్దేరారు. మామగారు డ్రైవరు వెనక సీటు పట్టుకున్నారు. దారి పొడవునా “ఆ మలుపు దగ్గర జాగ్రత్త,” “అక్కడ గతుకుంటుంది,” అని చెప్తూనే ఉన్నారు. డ్రైవరు ఓపిగ్గా “సరేసార్,” అంటూనే ఉన్నాడు. బస్సు పొగ లేకుండా, రొద లేకుండా సాగిపోయింది. మధ్యలో ఆగినప్పుడు అందరూ దిగారు. మామగారు దిగలేదు. సీట్లో నిటారుగా కూర్చుని, కిటికీలోంచి కోడలికి చేయి ఊపారు.

సముద్రం దగ్గర దిగగానే అత్తగారు ఇసకలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

“ఇన్నేళ్లు ఈ రూటు తిరిగారు. ఒక్కసారైనా నన్ను తీసుకొచ్చారా?”

“నేనే చూడలేదే. బస్సు ఆపగానే కడుపు పట్టుకుని ఎటు పరుగెత్తాలా అని చూసేవాణ్ణి. నీళ్ల దాకా ఎప్పుడొచ్చాను?” అన్నారు మామగారు చెప్పులు విప్పుతూ.

ఆవిడ ఆయన చెప్పులూ తన చెప్పులూ తీసి కొడుకు చేతికిచ్చారు. మామగారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలోకి నడిచారు. మొదటి అల కాళ్లకి తగిలేసరికి చిన్నపిల్లాడిలా ఎగిరారు.

“అమ్మాయ్, చల్లగా ఉందిరా! రండి, అందరూ రండి!”

కోడలు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగెత్తింది.